పొగ తగిలిన లోయలో ఆర్నేస్

మందు వాసన వస్తే పెళ్లి భోజనం దగ్గర్నుంచి కూడా లేచి వచ్చేసే రకం నేను. అలాంటిదాన్ని జూన్ నెల లాంగ్ వీకెండ్‌లో సిడ్నీ నుంచి పొద్దస్తమానం కారులో కూర్చుని వెళ్లి, ఒక తెల్ల వైన్ రుచి చూసి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మేముండే స్కోఫీల్డ్స్ పేటలోని స్నేహితురాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "నిజంగా తాగావా సుగుణా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. కింగ్ వ్యాలీ చూడనివాళ్లకు ఆ లోయ ఎలా ఉంటుందో తెలుస్తుంది, నా గురించి మొదలైన గుసగుసలూ ఆగుతాయి.

ప్రయాణానికి కారణం మా తమ్ముడు శ్రీను. చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చి, ఆ తర్వాత లారీలు నడిపి, చివరికి విక్టోరియాలో వాంగరాటా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. భార్య పద్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించిన ఇల్లు. మట్టి మీద మోజు వీడికి ఎక్కడికి పోయినా పోలేదు. దగ్గర్లోని లోయలో కార్లో అనే ఇటలీ పెద్దాయన ద్రాక్ష తోటలో కొన్ని వరసలు కౌలుకు తీసుకున్నాడు. ఆ వరసల్లో ఉన్నది ఆర్నేస్ అనే ఇటలీ రకం తెల్ల ద్రాక్ష. ఈ ఏడు మొదటిసారి దాన్నుంచి తన చేత్తో వైన్ తీశాడు.

తీశాడు గానీ, అది బాగుందో లేదో ఎవరికీ తెలియదు. జనవరిలో ఆ పక్క కొండల మీద అడవి అంటుకుని, కొన్నాళ్లపాటు లోయంతా పొగ కమ్ముకుంది. పొగ ద్రాక్ష తొక్కకు పడితే పండు తిన్నా తెలియదట, రసం తీసినా తెలియదట. పులిసి వైన్ అయ్యాక, మింగిన తర్వాత, నాలుక వెనకాల బూడిద రుచిగా బయటపడుతుందట. ల్యాబ్‌కు పంపితే అటూ ఇటూ కాని అంకెలు వచ్చాయి, నోరే తేల్చాలన్నారు. నోళ్లేమో ఒక మాట మీద నిలబడలేదు. ఇరుగుపొరుగు రైతుల్లో ఇద్దరు పొగ ఉందన్నారు, ఇద్దరు లేదన్నారు. కార్లోకు ఒకరోజు ఉన్నట్టు, ఒకరోజు లేనట్టు తోస్తోంది. ఇక శ్రీను సంగతి చెప్పనక్కర్లేదు, వాడి నోట్లో ఆశ తప్ప మరో రుచి లేదు.

కార్లో ఒక మాట చెప్పేశారు. పొగ ఉంటే మాత్రం ఈ చలికాలమే ఆ తీగలు పీకించేసి, బాగా అమ్ముడుపోయే బుడగల వైన్ రకం నాటుతానన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఈ మొండి రకంతో ఇంకా పెనుగులాడే వయసు కాదు తనది అన్నారు.

అప్పుడు శ్రీను నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు రావాల. చిన్నప్పుడు పాలు పొగచూరితే అందరికంటే ముందు నువ్వే గదా పట్టేదానివి."

"పాలకీ సారాయికీ పోలికేందిరా?"

"సారాయి గాదక్కా, వైన్. అయినా మనింట్లో ఏ కొత్త పని మొదలుపెట్టినా అమ్మ నీ చేతే గదా ముట్టించేది."

అది నిజమే. ఆడపిల్ల హస్తవాసి మంచిదని మా అమ్మ కొత్త ఆవకాయ జాడీ మూత నాచేతే తీయించేది. ఏటా ఆకు ఆరబెట్టే పొగాకు బ్యారన్‌లో మొదటి మంట కూడా నేనే పెట్టేదాన్ని. పాల సంగతీ నిజమే. పచ్చి కట్టెల పొయ్యి మీద కాచిన పాలు నా నోటికి ఆనించగానే తెలిసిపోయేవి. గ్లాసు పక్కన పెట్టేస్తే, "దీని నోరు నోరు కాదు" అని అమ్మ తిట్టుకునేది. ఆ నోరు ఇన్నాళ్లకు ఒకరికి అవసరమైంది.

"మింగక్కర్లేదక్కా. పుక్కిట పట్టి ఉమ్మెయ్," అన్నాడు శ్రీను. సరేనన్నాను. మా ఆయన భాస్కర్ గారైతే నేను సరే అనకముందే కారు టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్లారు.

సముద్రం లేని ఊళ్లో జలాంతర్గామి

హ్యూమ్ హైవే మీద చూడ్డానికి ఏముంటుంది అంటారు గానీ, నాకు విసుగు పుట్టలేదు. గౌల్‌బర్న్‌లో మేడంత సిమెంటు గొర్రె నిలబడి ఉంటుంది. హోల్‌బ్రూక్‌లో నిజమైన జలాంతర్గామిని తెచ్చి పచ్చగడ్డి మీద పడుకోబెట్టారు. చుట్టుపక్కల ఎంత దూరం పోయినా సముద్రం లేదు. మనవాళ్లయితే ఈపాటికి దానికి సున్నం వేసి, బొట్టు పెట్టి ఉండేవాళ్లు అన్నారు మా ఆయన.

దానికి కాస్త అవతల ఒక టీ కొట్టు కనిపిస్తే ఆగాం. మాంసం పైలు, చల్లారిపోయిన చిప్స్, వాటి పక్కనే ఒక మూల మసాలా టీ అని రాసి ఉంది. టీ ఆరు డాలర్లు. సిడ్నీలో మనవాళ్ల కొట్లుండే హారిస్ పార్క్‌లో ఆ ధరకు టీతో పాటు సమోసా కూడా వస్తుందని నేను మా ఆయనతో తెలుగులో గొణిగాను. కౌంటర్ వెనకాల ఉన్న పెద్దాయన తలెత్తి చూశారు.

"తెలుగా? ఐ నో దట్ సౌండ్. మై అవ్వ టాక్డ్ లైక్ దట్," అన్నారు.

ఆయనది ఫిజీ. తాతల నాడు చెరుకు తోటల పనికి ఓడలో వెళ్లిన తెలుగు కుటుంబం. అక్కడ గొడవలైనప్పుడు ఇక్కడికి వచ్చేశారట. అవ్వ దగ్గర విన్న తెలుగు మాటలు కొన్ని మిగిలాయి. బువ్వ, దీపం, పండుకో, ఇట్లా రా. ఒక్కొక్కటీ చెప్పి, తప్పేమైనా ఉందా అన్నట్టు నా మొహం చూశారు. తప్పేం లేదు అంకుల్, మా ఊళ్లో అన్నట్టే ఉన్నాయి అన్నాను. ఆయన మొహం విప్పారింది.

నాకు కారు ప్రయాణంలో కడుపులో తిప్పుతుంది. లవంగాల డబ్బీ లేకుండా స్కోఫీల్డ్స్ నుంచి పక్కనే ఉన్న బ్లాక్‌టౌన్ కూడా వెళ్లను. ఆరోజు దాన్ని వంటింటి గట్టు మీదే మరిచిపోయి వచ్చాను. ఆ మాట అనగానే ఆయన లోపలికి వెళ్లి, టీలో వేసే లవంగాలు గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి తెచ్చారు. ఎంతివ్వాలంటే చెయ్యి ఊపేశారు.

"కీప్ ఇన్ మౌత్, అమ్మా. నో మోర్ ట్రబుల్," అన్నారు.

అంత మంచి మనిషిని ఆ మర్నాడు మధ్యాహ్నం మనసులో ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎంగిలి బకెట్టు

వాంగరాటాలో శ్రీను ఇంట్లో ఆ రాత్రి పడుకుని, ఆదివారం పొద్దున్నే నేతిలో అద్దిన ఇడ్లీలు తిన్నాం. పచ్చడి వద్దు, కారప్పొడి వద్దు, కాఫీ అసలే వద్దు అని శ్రీను ముందే హెచ్చరించాడు. చట్నీ లేని ఇడ్లీ జ్వరం వచ్చినవాళ్లు తింటారు. తమ్ముడి కోసం అదీ తిన్నాను. వాడు తోటలో పనులున్నాయని ముందుగా వెళ్లాడు. పద్మ డ్యూటీ దిగి నేరుగా మధ్యాహ్నం భోజనానికి వస్తానంది. మేం నెమ్మదిగా బయల్దేరాం.

లోయ మొదలవగానే రోడ్డు పక్కన కనిపించినవి చూసి నేను కారు ఆపించాను. పొడుగ్గా, ఇరుకుగా, రేకుల కప్పుతో, పైన గాలి పోవడానికి చిన్న గూడుతో పొగాకు బ్యారన్లు. ఒకటి కాదు, పొలానికొకటి. కొన్ని ఒరిగిపోయాయి, కొన్నిట్లో గడ్డి మోపులు పెట్టారు. ఈ లోయకు వచ్చిన ఇటలీవాళ్లు ముందు పండించింది పొగాకేనని, కొనేవాళ్లు మానేశాక ద్రాక్షకు మారారని శ్రీను ఎప్పుడో చెప్పాడు. చెప్తే విన్నాను గానీ, ఇంత దూరం వచ్చి మా ఊరి దగ్గరి కొండపి రోడ్డు చూస్తానని అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. మా ఆయన ఫోటో తీస్తానంటే వద్దన్నాను.

దారిలో మా ఆయన ముచ్చటపడి ఒక వైనరీ దగ్గర ఆపారు. మనిషికి పది డాలర్లిస్తే ఐదు రకాలు కొంచెం కొంచెం పోసి రుచి చూపిస్తారు. ఒక సీసా కొంటే ఆ పది తగ్గిస్తారు. బల్ల మీద ఒక బకెట్టు ఉంది. అందరూ పుక్కిలించి దాంట్లోనే ఉమ్ముతున్నారు. సూటు వేసుకున్నాయన, ముత్యాల దండ వేసుకున్నావిడ, ఎవరికీ మొహమాటం లేదు. మనం మంచినీళ్ల చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే జాతి. పదిమంది ఎంగిలి ఒక బకెట్టులో, అదీ తినే చోట, కళ్ల ముందు. నేను మొహం తిప్పుకున్నాను.

మా ఆయనకు ఆడవాళ్ల ముందు ఉమ్మడం మర్యాద కాదనిపించింది. అందుకని ఐదూ మింగేశారు. పోసే అమ్మాయి ఆయన సరదా చూసి ఆరోది కూడా పోసింది. దాన్నీ కాదనలేదు. బయటికొచ్చాక తాళం చెవి నా చేతిలో పెట్టి, "నువ్వే నడుపు, కొండలు చాలా బావున్నాయి," అన్నారు.

వాసనకు నాకు అప్పటికే కడుపులో తిప్పుతోంది. ఆ పైన మలుపుల రోడ్డు. పొట్లం విప్పి రెండు లవంగాలు బుగ్గన పెట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నాను.

గట్టు మీది ఆముదం

కార్లో ఇంటి గేటు దగ్గర ఒక వెడల్పాటి పళ్లెంలో మందు నీళ్లు పెట్టారు. తోటలోకి వెళ్లేవాళ్లు బూట్లు అందులో ముంచి వెళ్లాలి. పక్క తోటల పురుగు మట్టితోపాటు వచ్చి వేళ్లకు పడుతుందట. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోమని వెంటపడే మా అమ్మ గుర్తొచ్చి, రెండు కాళ్లూ రెండేసి సార్లు ముంచాను. కార్లో అది చూసి నవ్వారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. చేతులు పెద్దవి, మాట నెమ్మది. ఆయన ఇంగ్లీషు ఆయన ఊరి యాసలో, నాది మా ఊరి యాసలో. ఇక్కడివాళ్ల ఇంగ్లీషు కంటే మా ఇద్దరిదీ మాకు బాగా అర్థమైంది.

చలికాలం కదా, తోటంతా ఆకు రాల్చి ఉంది. తీగలన్నీ కత్తిరించి, ఒక్కొక్క మొక్కకు రెండు చేతుల్లా కొమ్మలు మిగిల్చి ఇనప తీగకు కట్టారు. ఒక పక్కన కొన్ని వరసలు మాత్రం జుట్టు విరబోసుకున్నట్టు ఉన్నాయి.

"వీటికి క్షవరం కాలేదేం?" అని అడిగారు మా ఆయన.

"అవే నావి బావా," అన్నాడు శ్రీను. "ఆయన కత్తెర పట్టుకోనీయడంలా. పీకేసేవే అయితే కత్తిరింపు దేనికంటాడు."

అప్పుడు చూశాను వాడి మొహం. వాడు చిక్కాడు.

కార్లో ఆ వరసల మధ్య నడుస్తూ ఆర్నేస్ కథ చెప్పారు. వాళ్ల నాన్నది ఇటలీ ఉత్తరాన పీడ్‌మాంట్ కొండల్లో ఊరు. అక్కడ పేరున్నది ఎర్ర ద్రాక్ష, గొప్పవాళ్లు తాగే వైన్ దాంతోనే చేస్తారు. ఆర్నేస్‌ను ఎర్ర ద్రాక్ష మధ్యన, వరసల చివర అక్కడక్కడా నాటేవాళ్లు. అది ముందుగా పండుతుంది, తీపి వాసన వేస్తుంది. పిట్టలూ తేనెటీగలూ దాని మీద పడి తింటాయి. ఎర్ర గుత్తులు దక్కుతాయి. తినగా మిగిలిన ఆర్నేస్‌ను ఇంట్లోకి ఏదో కొంచెం వైన్ చేసుకునేవాళ్లు. వాళ్ల ఊరి మాటలో ఆర్నేస్ అంటే పెంకిఘటం అని. కాపు ఒక ఏడు ఇస్తుంది, ఒక ఏడు ఇవ్వదు. ఒక్కరోజు ఆలస్యంగా కోస్తే పులుపు పడిపోయి చప్పగా అవుతుంది. అందుకని జనం విసిగి వదిలేశారు. ఒకప్పుడు పూర్తిగా అంతరించిపోయేదేనట. కొందరు మొండివాళ్లు పట్టుబట్టి, దీన్ని దీనికోసమే పండించి చూద్దామనుకుని నిలబెట్టారు.

నాకు గబుక్కున ఆముదం గుర్తొచ్చింది. మా పొగాకు చేల చుట్టూ గట్ల మీద ఆముదం వేసేవాళ్లు. లద్దె పురుగు ముందు దాని వెడల్పాటి ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు కోసి పారేస్తే పొగాకు దక్కుతుంది. ఎర పంట అంటారు. నేను చేతులు తిప్పుతూ ఇదంతా చెప్తే కార్లో ఆగిపోయి విన్నారు.

"మరి మీ గట్టు మీది మొక్కను ఎవరైనా మెచ్చుకున్నారా?" అని అడిగారు.

"లేదు. పురుగు తిన్నాక మిగిలిన గింజలు మా అమ్మ ఏరి ఆముదం తీసేది. తలకు రాసేది," అన్నాను.

"మా నాన్న కూడా ఇదే ఇష్టంగా తాగేవాడు. గొప్ప వైన్ అమ్మేసి, పిట్టలు వదిలింది తాగేవాడు," అన్నారు. "అందుకే నాటాను. పొగాకు పోయాక ఇంకేదైనా నాటొచ్చు, దీన్నే నాటాను. ఇప్పుడిక నాకు ఓపిక లేదు సిన్యోరా."

సిన్యోరా అంటే అమ్మా అన్నట్టట.

కార్లో బ్యారన్‌లో

వైన్ ఉన్నది పాత పొగాకు బ్యారన్‌లోనే. ఆకు కట్టిన కర్రలు వేలాడదీసే దూలాలు పైన అలాగే ఉన్నాయి. కింద మాత్రం స్టీలు పీపాలు నిలబెట్టారు. లోపలికి అడుగుపెట్టబోతూ బుగ్గలోని లవంగం నమిలి ఊసేసి, శ్రీను ఇచ్చిన నీళ్లతో పుక్కిలించాను. చాలా పద్ధతిగా ఉన్నానని నా నమ్మకం.

కార్లో కుళాయి తిప్పి గ్లాసులో కొంచెం పట్టారు. ఎండుగడ్డి నానిన నీళ్ల రంగు. వాసన చూడమన్నారు. పియర్ పండు, ఏవో తెల్లపూలు, వెనక సన్నగా బాదం పలుకు అని ఆయన అన్నారు. నాకు మందు వాసన తప్ప ఏమీ తెలియలేదు. దండం పెట్టుకుని ఒక గుక్క పుక్కిట పట్టాను. పుల్లగా, చల్లగా ఉంది. బకెట్టు వెతుక్కుని, అందరికీ వీపు తిప్పి ఉమ్మాను.

అప్పుడు వచ్చింది. నాలుక వెనక నుంచి, దవడ పక్క నుంచి, ఘాటుగా, మాడినట్టు. కాలిన కొయ్య రుచి. ఇంకో గుక్క పట్టి చూశాను. అదే.

అబద్ధం చెప్పొచ్చు. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది, అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పాలు పొగచూరాయని చెప్పే నోరనే గదా పిలిచారు. శ్రీను వంక చూడకుండా, "పొగ ఉందిరా," అన్నాను.

కార్లో నా చేతిలో గ్లాసు తీసుకుని, కుళాయిని గుడ్డతో తుడిచారు. "థాంక్యూ సిన్యోరా. తెలియకపోవడం కంటే మేలు," అన్నారు. సెలవులయ్యాక మంగళవారం తీగలు పీకే యంత్రం వాడికి ఫోన్ చేస్తానన్నారు. శ్రీను బయటికి వెళ్లి తన వరసల దగ్గర నిలబడ్డాడు. మా ఆయనకు ఎక్కినదంతా దిగిపోయింది. నాకైతే ఎందుకొచ్చానా అనిపించింది. మంచి చెయ్యి అని పిలిస్తే, వచ్చి తమ్ముడి తోట పీకించాను.

మరియా పాలు

భోజనం కార్లో భార్య మరియా పెట్టింది. పద్మ కూడా అప్పటికి వచ్చింది, సంగతి విని గ్లాసుల్లో నీళ్లు పోసింది. మరియా వడ్డన అచ్చం మన పెద్దమ్మల వడ్డనే. చాలంటే వినదు. బీన్స్ వేసిన పాస్తా, చేదు ఆకుకూర, రొట్టె. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి పక్కనుంచి వేసింది. మామూలు రోజైతే నాకు ఎంతో నచ్చేది. ఆరోజు ఒక్క ముద్ద కూడా నోట పెట్టుకోలేదు.

నా మొహం చూసి, ఈమె వైన్ తాగదు, తిండి తినదు, పాలైనా తాగుతుందేమో అనుకుని, ఆమె లేచి చిన్న గిన్నెలో పాలు వెచ్చబెట్టి తెచ్చింది. కాదనలేక ఒక గుక్క తాగాను.

పాలు పొగచూరి ఉన్నాయి.

ఎదురుగా పెట్టినవాటికి వంక పెట్టకూడదు గానీ, నోరు ఊరుకోలేదు. "ఆంటీ, ఈ పాలు కట్టెల పొయ్యి మీద కాచారా?" అని అడిగాను.

మరియా విచిత్రంగా చూసింది. వెనక్కి తిరిగి చూపించింది. గ్యాస్ పొయ్యి, నీలం మంట, పొగ అనేదే లేదు.

ఇంకో గుక్క తాగాను. అదే ఘాటు, అదే మాడు. అప్పుడు నాలుక దానంతటదే వెనక దవడలోకి పోయింది. పుచ్చిన పన్నుకు ఎప్పుడో సిమెంటు పెట్టించుకున్నాను, దాని పక్క సందులో ఏదో గుచ్చుకుంది. గోటితో తీసి చూస్తే లవంగం మొగ్గ. ఫిజీ అంకుల్ ఇచ్చిన లవంగం, సగం నలిగి, సందులో ఇరుక్కుని ఇంకా ఊరుతోంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "శ్రీనూ, పొగ వైన్‌లో కాదురా, నా పంట్లో ఉంది," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. లవంగం అరచేతిలో పెట్టి చూపించాను.

"ఏమీ తినొద్దని చెప్పా గదక్కా," అన్నాడు శ్రీను. ఏడుపో నవ్వో తెలియని గొంతు.

"లవంగం తినడమా? నోట్లో ఉంటుందంతేరా."

నిజంగానే నాకు అది తినడం అని తట్టలేదు. చట్నీ మానేశాను, కాఫీ మానేశాను. లవంగం మన లెక్కలో తిండి కాదు.

"వదినా, పన్ను నొప్పికి లవంగ నూనె రాస్తే నోరే మొద్దుబారుతుంది. దాంతో వైన్ రుచి ఎట్టా తెలుస్తుంది?" అంది పద్మ. కార్లో చెయ్యి చాపి నా పొట్లంలోంచి ఒక లవంగం తీసుకున్నారు. ఊరికే పరపరా నమిలారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తాగి, కాసేపాగి, తన గ్లాసులోని వైన్ ఒక గుక్క తీసుకున్నారు. తర్వాత రొట్టె కొరికారు. తర్వాత మరియా పాల గిన్నెలో వేలు ముంచి నాకారు.

"అన్నీ కాలిన రుచే," అన్నారు. మొదటిసారి ఆయన నిజంగా నవ్వడం చూశాను. అంతలోనే నవ్వు ఆపి, "అంటే వైన్‌లో పొగ లేదని కాదు. చెప్పింది లవంగం, నీ నోరు కాదు, అంతే. రేపు పొద్దున ఖాళీ నోటితో రా," అన్నారు.

సగం ఊరట. ఆ సగమే ఎంత తేలిగ్గా ఉందంటే, చల్లారిపోయిన పాస్తా తినేసి, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఫిజీ అంకుల్ను తిట్టుకున్నది ఆ తినేటప్పుడే. తర్వాత వెనక్కి తీసుకున్నాను.

ఖాళీ నోరు

సోమవారం తెల్లవారి లోయలో మంచు కమ్మి, ఐదడుగుల అవతల తీగ కనిపించడం లేదు. పేస్టులో పుదీనా ఉంటుందని శ్రీను పళ్లు కూడా ఉత్త నీళ్లతో తోముకోమన్నాడు. నేను నోరు తెరిస్తే మా ఆయన దూరం జరిగారు. లవంగాల పొట్లం ఆయన జేబులో ఉంది, నాకు అందకుండా.

బ్యారన్‌లో అందరూ నిలబడ్డారు. కార్లో గ్లాసు పట్టి ఇచ్చారు. పుక్కిట పట్టాను. పులుపు, చల్లదనం, ఆ వెనక పియర్ పండు వాసన. నిన్న నాకు అందనిది ఈరోజు తెలిసింది. చివర్లో చిన్న చేదు, నానబెట్టిన బాదం పప్పు తొక్క తీయకుండా కొరికితే వచ్చేది.

శ్రీను బకెట్టు ముందుకు జరిపాడు. నేను దాని మీదికి వంగి ఆగాను. బూడిద రుచి మింగాక తెలుస్తుందని వాడే కదా చెప్పాడు. ఉమ్మితే మళ్లీ సందేహమే మిగులుతుంది. ఇన్నేళ్లు ముట్టనిది నేను, ఇప్పుడు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. తమ్ముడు నా మొహం వంకే చూస్తున్నాడు.

మింగాను.

గొంతులోంచి వెచ్చగా దిగింది. మాడు కోసం ఎదురుచూశాను. చిన్నప్పుడు మొదటి మంట పెట్టాక బ్యారన్ పైగూడు లోంచి పొగ ఎప్పుడొస్తుందా అని అలాగే చూసేదాన్ని. రాలేదు. నాలుక వెనక, దవడ పక్కన, ఎక్కడా రాలేదు. ఇంకో గుక్క మింగి మళ్లీ ఆగాను. బాదం తొక్క చేదు ఒక్కటే కాసేపు నిలిచి, అదీ పోయింది.

"లేదురా," అన్నాను. "పొగ లేదు. శుభ్రంగా ఉంది."

శ్రీను బోర్లించి ఉన్న ద్రాక్ష డబ్బా మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నా గుండెల మీంచి ఎవరో తిరగలి దింపినట్టయింది. మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి, "మీ అక్క తాగింది, చూశావా," అన్నారు. ఆయనకు అదే పెద్ద వింత.

నా గ్లాసులో మిగిలింది కార్లో తాగారు. నా ఎంగిలి అని చెప్పబోయి ఊరుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, తలుపు పక్క మేకుకు వేలాడుతున్న కత్తెర తీసుకుని మంచులోకి నడిచారు. శ్రీను తలెత్తి చూసి, ఇంకో కత్తెర కోసం లేచాడు.

మరియా నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, అడగకుండానే పాలు వెచ్చబెట్టింది. నీలం మంట, చిన్న గిన్నె, నిన్నటి కప్పు. తాగాను. పాలు పాలలాగే ఉన్నాయి. బయట మంచులో మనుషులు కనిపించడం లేదు గానీ, ఆ జుట్టు విరబోసుకున్న వరసల వైపు నుంచి కత్తెరల చప్పుడు వినిపిస్తూనే ఉంది.